వగరుకు భయపడొద్దన్న కెప్టెన్ అన్న

బంద్ రోజు పొద్దున ఏడింటికి వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండమ్మా" అంది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నాడట, మంచినీళ్లు తెచ్చేలోపే అయిపోయిందట. ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని, మూసాపేట నుంచి కొత్తగూడకు నడవడం మొదలుపెట్టాను. ఆ రోజు బస్సుల్లేవు, ఆటోల్లేవు, లోకల్ రైళ్లు కూడా లేవు. తెలంగాణ కోసం నగరమంతా మూతపడిన రోజుల్లో అదొకటి.

దారిలో ఒక కూడలి దగ్గర టైర్లు కాలుతున్నాయి. రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ఒకతను లేచి ఎక్కడికని అడిగాడు. చావింటికండీ అన్నాను. 'అండీ' వినగానే నేను ఏ వైపు మనిషినో అతనికి తెలిసిపోయింది. మాది తెనాలి. నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, పక్కకు జరిగి, నీళ్ల ప్యాకెట్ చేతిలో పెట్టి "పైలంగ పో అక్కా" అన్నాడు. ఏడుపు అప్పుడొచ్చింది. అంతదాకా రాలేదు.

నేను రాస్తున్నది మా కెప్టెన్ అన్న గురించి. కెప్టెన్ అంటే ఓడలు నడిపే మనిషి కాదు. పెద్ద హోటళ్లలో బల్లల దగ్గర వడ్డించే మాబోటి వాళ్లకు పెద్దగా ఉండే మనిషిని అలా అంటారు. హైటెక్ సిటీలో ఓ పెద్ద హోటల్, అందులో ఇటలీ వంటలు పెట్టే రెస్టారెంట్, దానికి ఆయన కెప్టెన్. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఆయన కింద చేరాను. మొదటి రోజు 'సార్' అంటే ఒప్పుకోలేదు. నువ్వు అన్నా అను, నేను చెల్లె అంట, ఇద్దరికీ సులువు అన్నాడు. పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తులేదు. ఇక్కడ కూడా పేరు రాయను. ఆ హోటల్ పేరు అసలే రాయను, దానికంత గౌరవం అక్కర్లేదు.

ఆయనది కొత్తగూడే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్న వైపు ఒకప్పుడు తాటిచెట్లుండేవట. వాళ్ల నాన్న ఆ చెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు చెట్టుకూ కల్లు రుచి మారుతుందని, పొద్దుటి కల్లూ మాపటి కల్లూ ఒకటి కావని ఆయన చిన్నప్పుడే నాలుకతో నేర్చుకున్నాడు. చెట్లు పోయాక హోటల్లో సామాను మోసే పనికి చేరాడు. అక్కడ ఇటలీ నుంచి వచ్చిన ఒక వంటాయన భోజనం దగ్గర తన గ్లాసులోంచి కాస్త పోసి ఇచ్చాడట. బరోలో అనే ఎర్ర వైన్. వాళ్ల ఉత్తరాన కొండ వాలుల్లో పండే ద్రాక్షతో చేస్తారు. నాకు కొత్తగ ఏం అనిపియ్యలే చెల్లె, ఎవడో రైతు చెట్టును కనిపెట్టుకుని ఉండి చేసిన సరుకని తెలిసిపోయింది అనేవాడు.

వైన్ అంటే సూటు వేసుకున్నవాళ్లు చేతిలో తిప్పే గ్లాసు అని మీరూ అనుకుంటుంటారు, నేనూ అనుకున్నాను. ఆయన మాత్రం అది అన్నంలోకి తాగే వస్తువు అనేవాడు. ఇటలీలో పొలం నుంచి వచ్చిన మనిషి చేతులు కడుక్కుని, రొట్టె తుంపుకుని, మధ్య మధ్యలో ఓ గుక్క తాగుతాడు, అంతకు మించి అందులో ఏ గొప్పా లేదు అని వాదించేవాడు. "మొగులు దిక్కు చూసి బతికేటోళ్లే వాళ్లు గూడ. మనకు సుట్టాలు" అనేవాడు.

ఆ రోజుల్లో మాకు వచ్చేవాళ్లలో కొత్తగా ఉద్యోగాలొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలే ఎక్కువ. పుట్టినరోజనో, ప్రమోషనో అని వచ్చి, అన్నిటికన్నా ఖరీదైన పేరు మీద వేలు పెట్టేవాళ్లు. అది బరోలో అయ్యుండేది. గ్లాసులో పోయగానే రంగు పల్చగా ఉందే, నీళ్లు కలిపారా అని ఒక గొడవ. తాగగానే మొహం ముడుచుకుపోయేది. పచ్చి వక్క కొరికినట్టు నాలుక, చిగుళ్లు పట్టేసేవి. వెంటనే ఐసు తెమ్మనేవాళ్లు, కోక్ తెమ్మనేవాళ్లు. మేం వంటింటి తలుపు వెనక్కి పోయి నవ్వుకునేవాళ్లం. ఒకసారి ఆ నవ్వులు ఆయన చెవిన పడ్డాయి. కోపం అతిథుల మీద కాదు, మా మీద చూపించాడు. కొత్తగా వచ్చిన మనిషికి, ఖాళీ కడుపున, అన్నిటికన్నా వగరుది ముందు పోసింది మనం, తప్పు మనది, నవ్వే హక్కు మనకు లేదు అన్నాడు. ఆ తర్వాత ఆ తలుపు వెనక ఎవరూ నవ్వలేదు.

ఆయన పద్ధతి వేరు. కొత్తవాళ్లు ఏది అడిగినా ముందు బార్బెరా అనే ఇంకో ఎర్ర వైన్ రెండు గుక్కలు పోసేవాడు, ఊరికే చూడమని. బార్బెరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. గోంగూర తినేవాళ్లకు పులుపంటే భయమేంటి అనేవాడు. అది నచ్చితే కియాంటి. టమాటా పడ్డ ఏ కూరతోనైనా ఒదిగిపోతుంది, మన వంటిళ్లలో టమాటా లేని రోజేది అని ఆయన లెక్క. వాళ్లు తింటూ, మాట్లాడుకుంటూ సర్దుకున్నాక, బల్ల మీదకి మాంసం వచ్చాక, అప్పుడు బరోలో. సీసా మాత్రం రెండు గంటల ముందే తెరిచి గాలి పోసుకోనిచ్చేవాడు. వగరుకు కొవ్వు కావాలి, రెండూ కలిస్తే రెండూ మెత్తబడతాయి అని చెప్పి, ముక్క నోట్లో ఉండగానే తాగమనేవాడు. వాళ్ల మొహాలు విప్పారడం చూడటానికి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేవాడు.

ఎర్ర వైన్‌ను గది వేడిలో ఇవ్వాలని పుస్తకంలో ఉందని ఒకసారి అతి తెలివి చూపించాను. "ఏ గది చెల్లె? మాదాపూర్ల మే నెల గదా?" అన్నాడు. ఎర్ర సీసాలను కూడా అరగంట చల్లబరిచేవాడు. వేడిగా ఇస్తే కషాయం, మరీ చల్లగా ఇస్తే వగరు పళ్లకు తగులుతుంది. చేత్తో సీసా మెడ పట్టుకుని చూసి సరిపోయిందని చెప్పేవాడు. నేను థర్మామీటరు పెట్టి చూశాను రెండు మూడుసార్లు, ఆయన్ను పట్టుకుందామని. దొరకలేదు.

నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. చేరిన రెండో వారంలో, ఏళ్లనాటి బరోలో ఒకటి బల్ల దగ్గరికి తీసుకెళ్తున్నాను. సీసా అడుగున నల్లగా మడ్డి కనిపించింది. మా ఇంట్లో పులుసైనా మజ్జిగైనా అడుగు కలపకుండా వడ్డిస్తే అమ్మ ఊరుకోదు. ఖరీదు పెట్టి కొన్నవాళ్లకు పైపైన నీళ్లు పోస్తే అన్యాయం కదా అని, మూత తీయకముందే ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని బాగా ఊపాను. మా కెప్టెన్ అన్న దూరం నుంచి చూశాడు. పరిగెత్తలేదు, అరవలేదు. బల్ల దగ్గరికొచ్చి, ఈ సీసా ఈ రోజు తాగేది కాదండి, మా చేతిలో కదిలింది, ఇంకొకటి ఇస్తాను అని వాళ్లకు నిజమే చెప్పాడు. కదిపింది ఎవరో చెప్పలేదు. ఆ సీసాను మూడు రోజులు నిలబెట్టి ఉంచి, మూడో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి, ఒక్క కుదుపు లేకుండా వేరే పాత్రలోకి ఒంపించాడు. "చారు మీద తేట ఒంపుకుంటం సూడు, గట్ల" అన్నాడు. తేట దిగి, మడ్డి మెడ దాకా వచ్చి ఆగింది. ఆ రోజు నుంచి ఆ పని నాకే ఇచ్చాడు.

ఇక ఆ కార్డు సంగతి. వైన్‌ల పేర్లు, వాటి రుచి రాసిన కార్డు ప్రతి బల్ల మీదా ఉంటుంది, ఇంగ్లిష్‌లో. ఆయన ఆర్డర్లు రాసుకునే పుస్తకాల వెనక పేజీల్లో తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. బార్బెరాకు నేరేడుపండు, చింతచిగురు. కియాంటికి ఎండు మిరప తొడిమ, వాక్కాయ. బరోలోకు వాడిన గులాబీ, కరక్కాయ, కొత్త తారు రోడ్డు మీద మొదటి వాన. రాసిన ప్రతిదీ మాకు చదివి వినిపించి, వాసన చూడమని, అవునా కాదా అని అడిగేవాడు. తారు రోడ్డు అన్నప్పుడు నవ్వాను. వాసన చూశాక నవ్వు పోయింది.

మేనేజర్‌కు చూపించాడు. ఆయనా తెలుగువాడే, కానీ లిఫ్టులో కూడా తెలుగు మాట్లాడడు. ఇది ఐదు నక్షత్రాల హోటల్, కల్లు దుకాణం కాదు అన్నాడట. కల్లు దుకాణమైతే ఇంకా బాగా అమ్మేవాణ్ని సార్ అని చెప్పి వచ్చేశాడు మా అన్న. రాయడం మాత్రం ఆపలేదు.

తర్వాత ఆ సాయంత్రం వచ్చింది. అదీ బంద్ రోజే. పని ఆగకూడదని ఒక కంపెనీ తమవాళ్లను ముప్పై మందిని ముందురోజే మా హోటల్లో దింపింది. వాళ్ల కాలక్షేపానికి ఇటలీ ఎర్ర వైన్‌ల రుచి చూపించే కార్యక్రమం పెట్టారు. చెప్పడానికి ముంబయి నుంచి నిపుణుడు రావాలి. ఆయన విమానం దిగాడు గానీ ఎయిర్‌పోర్టు నుంచి రోడ్డు లేదు. చీజ్ పళ్లేలు రావాల్సిన బండీ రాలేదు. నిపుణుడు పంపిన ఇంగ్లిష్ కాగితాన్ని మా అన్న చేతిలో పెట్టి, ఇందులో ఉన్నది ఉన్నట్టు చదువు, ఒక్క మాట కలపకు అన్నాడు మేనేజర్.

ఆ ముప్పై మందీ రెండు గుంపులుగా కూర్చున్నారు. కోస్తా వాళ్లు కిటికీ వైపు, తెలంగాణ వాళ్లు గోడ వైపు. పొద్దున ఏదో మాటా మాటా వచ్చిందట. ఆ ఏడాది ఆఫీసు క్యాంటీన్లలో కూడా అలాగే కూర్చునేవాళ్లు. ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు.

మా అన్న కాగితంలో రెండు వాక్యాలు చదివాడు. సిగార్ పెట్టె వాసన, అడవి నేల వాసన. ఆపాడు. కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. "రాసినాయన మంచిగనే రాసిండు. కానీ సిగార్ పెట్టె నేనైతె వాసన సూడలే. నాకు తెల్సిన మాటలతోని చెప్త" అన్నాడు.

కిటికీ వైపు నుంచి ఒకాయన, వాళ్లలో పెద్ద ఉద్యోగిలా ఉన్నాడు, నవ్వాడు. ఈ భాషలో వైన్ గురించి వినడం ఇదే మొదటిసారండీ అన్నాడు. ఆ పక్కన ఇద్దరు ముగ్గురు నవ్వారు. గోడ వైపు కుర్చీలు కదిలాయి.

"చెప్పుడు గూడ నాకు గిదే మొదటిసారి సార్. ఇద్దరం కొత్తోళ్లమే, జర ఓపిక పడదాం" అన్నాడు మా అన్న. "రాష్ట్రం సంగతి బయట తేల్చుకుందురు. ఈడ వగరు సంగతి తేల్చుదాం."

చీజ్ లేదు కాబట్టి స్టాఫ్ క్యాంటీన్ నుంచి మేం తినే మటన్ కూర తెప్పించి, తెల్లటి పింగాణీ పళ్లేల్లో పెట్టించాడు. బార్బెరా పోసి గోంగూర గురించి చెప్పాడు. గోంగూర మాదంటే మాదని రెండు వైపుల నుంచీ మాటలు లేచాయి, కానీ ఈసారి నవ్వుతూ. బరోలో దగ్గరికి వచ్చేసరికి, కొత్త తారు రోడ్డు మీద మొదటి వాన అని చెప్పి, అందరినీ ముందు ఒట్టిగా తాగమన్నాడు. ముప్పై మొహాలు ముడుచుకున్నాయి. అప్పుడు మూలుగ ఎముక పట్టుకుని, పీల్చి, మళ్లీ తాగమన్నాడు. కాసేపు గదిలో ఎముకలు పీల్చే చప్పుడు తప్ప ఇంకేం లేదు. నవ్విన ఆ పెద్దాయన గ్లాసు చాపి, "ఇంకొంచెం పొయ్యండి. ఇందాక ఏదో వాన అన్నారే, మళ్లీ చెప్పండి" అన్నాడు. ఆ క్షణంలో మా అన్న మొహం చూసి నాకెంత గర్వం కలిగిందో రాయడం నా వల్ల కాదు.

మర్నాడు మేనేజర్ నోటీసు ఇచ్చాడు. అతిథులకు క్యాంటీన్ కూర పెట్టినందుకు, మొరటు భాష మాట్లాడినందుకు క్షమాపణ రాసి సంతకం పెట్టాలి. కూర సంగతికి పెడత, అడక్కుండ పెట్టిన, తప్పే అన్నాడు మా అన్న. భాష దగ్గర మాత్రం వేలు పెట్టి, "మాట్లాడినందుకు పెట్ట సార్" అన్నాడు. పెట్టలేదు కూడా.

అప్పుడు మేనేజర్ నన్ను పిలిచాడు. కెప్టెన్ అతిథుల ముందు మొరటుగా మాట్లాడాడని రాసిన కాగితం ముందు పెట్టి, సాక్షిగా సంతకం చెయ్యమన్నాడు. నేను చేశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంకే కారణం లేదు, వెతికినా దొరకలేదు.

ఆయన్ను బాంకెట్ స్టోరుకు మార్చారు. కిటికీ లేని గదిలో గ్లాసులు లెక్కచూసే పని. కొన్నాళ్లకు ఆయన చోట నన్ను కెప్టెన్ చేశారు. ఆ సంతకానికీ దీనికీ సంబంధం లేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. బల్లల మీద ఇంగ్లిష్ కార్డే, బల్లల దగ్గర ఇంగ్లిష్ మాటలే మిగిలాయి. కొత్తవాళ్లు మళ్లీ ఐసు అడగడం మొదలుపెట్టారు.

ఒకరోజు ధైర్యం చేసి స్టోరుకు వెళ్లి సంతకం మాట చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. గ్లాసును దీపం దగ్గర పట్టి చూస్తూ, "పరేషాన్ గాకు చెల్లె. సంతకం పెట్టింది చెయ్యి. నాలుక ఇంక నీ దగ్గర్నే ఉంది గద" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన మళ్లీ బల్లల మధ్యకు రాలేదు. రాకుండానే పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ఆయనవాళ్లు అన్నం, మటన్, కల్లు పెట్టారు. స్టాఫ్ అందరం కలిసి కొన్న బరోలో నేను తీసుకెళ్లాను, పొద్దున్నే ఇంట్లో మూత తీసి ఉంచి. పెడితే ఏమంటారోనని జంకుతుంటే, ఆయన పెద్దన్న, ఊరవతల ఇప్పటికీ తాటిచెట్లెక్కే మనిషి, వాసన చూసి "ద్రాక్ష కల్లే గద బిడ్డా, పొయ్యి" అన్నాడు. ఆకుదొన్నెలో పోశాను.

కాకులు చెట్టు మీదే ఉన్నాయి. దిగలేదు. ఎండ ఎక్కుతోంది. పెద్దన్న ముందుకొచ్చి, నీ ఇంటిదాన్ని నేను సూసుకుంట తమ్మీ, ఫికర్ చెయ్యకు అన్నాడు. కాకి రాలేదు. బాకీలేమన్నా ఉంటే తీరుస్తామని ఇంకెవరో అన్నారు. రాలేదు. అప్పుడు వదిన తల తిప్పి నా వైపు చూసింది. ఆమెకు అన్నీ తెలుసు.

నేను విస్తరి ముందు నిలబడ్డాను. అందరూ వింటున్నారు. "అన్నా, ఆ సంతకం అబద్ధం. నువ్వు మొరటుగా మాట్లాడలేదు. నీ కార్డు బల్లల మీద పెడతాను, నీ మాటలతోనే చెబుతాను" అన్నాను. ఏడుస్తూ కాదు, కోపంగా అన్నాను. కోపం మేనేజర్ మీద కొంత, మిగతాదంతా నా మీద. తర్వాత అందరం వెనక్కి జరిగాం. కాకి నా మాటకు వచ్చిందో, మనుషులు జరిగారని వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది.

వదిన దగ్గర ఆయన తెలుగులో రాసుకున్న ఆ ఆర్డర్ల పుస్తకాలన్నీ ఉన్నాయి. ఆమె ఇచ్చింది. మూడు రోజులు కూర్చుని నా చేతిరాతతో పన్నెండు కార్డులు రాశాను. ఒక్క మాట మార్చలేదు, ఆయన యాస కూడా దిద్దలేదు.

నిన్న సాయంత్రం లింగంపల్లి నుంచి ఒక కుటుంబం వచ్చింది. కూతురికి ఉద్యోగమొచ్చిందట, అమ్మానాన్నలను తీసుకొచ్చింది. ఆ తల్లి జరీ చీర కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని, అక్కడున్న దేన్నీ ముట్టుకోకుండా చేతులు ఒడిలో పెట్టుకుంది. కార్డు ఆమె ముందే పెట్టాను. తెలుగు అక్షరాలు చూసి వేలితో చదవడం మొదలుపెట్టింది. కూతురు పర్వాలేదమ్మా అంది, నేను బార్బెరాతో మొదలుపెట్టాను. నా తెనాలి నోటికి ఆయన మాటలు సరిగా పలకలేదు. అయినా పలికాను.

మేనేజర్ వచ్చి నా వెనక నిలబడి, ఇంగ్లిష్‌లో, మెల్లగా, ఇది ఆపమన్నాడు. నోటీసు రాయాల్సి వస్తుందన్నాడు. రాసుకోండి సార్, సంతకం మాత్రం పెట్టను అని తెలుగులోనే చెప్పాను, పక్క బల్లలకు వినబడేంత గొంతుతో. తర్వాత ఆ తల్లి గ్లాసులో బరోలో పోశాను. గొర్రెమాంసం అప్పుడే వచ్చింది.

ఆమె ఒక గుక్క తాగి కళ్లు గట్టిగా మూసుకుంది. నేను పళ్లెం చూపించాను. ఒక ముక్క తిని, నమిలి, మళ్లీ తాగింది. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. మొగుడు తన గ్లాసు ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ముందుగాల ఓ ముక్క తినుండ్రి" అంది. "అటెన్క తాగుండ్రి."